ఆప్టికల్ ఫైబర్ సమాచార వ్యవస్థలో సంకేత పర్యవేక్షణ: తరంగదైర్ఘ్య భేదం, స్థిరీకరణ మార్గాలు

వ్యాససంగ్రహం: ఒకే ఆప్టికల్ ఫైబర్‌లో పదుల సంఖ్యలో తరంగదైర్ఘ్యాలు ఏకకాలంలో ప్రయాణిస్తాయి. వాటి శక్తిని కొలిచే పర్యవేక్షణ పరికరం అన్ని తరంగదైర్ఘ్యాలకూ ఒకే విధంగా స్పందించకపోతే, లోపం లేని సంకేతం కూడా లోపభూయిష్ఠంగా కనిపిస్తుంది. ఈ అసమానతకు కారణాలను, దాని పర్యవసానాలను, నివారణ మార్గాలను ఈ వ్యాసం వివరిస్తుంది. క్రమాంకన పట్టిక కంటే ముందు పరికర నిర్మాణంలోనే సమానతను సాధించడం ఎందుకు అవసరమో నిరూపిస్తుంది.

కీలకపదాలు: ఆప్టికల్ ఫైబర్, తరంగదైర్ఘ్యం, ట్యాప్, ఫోటోడయోడ్, వ్యతికరణం, క్రమాంకనం.

1. ఉపోద్ఘాతం

దూరప్రాంత ఫైబర్ సమాచార వ్యవస్థలు ప్రధానంగా 1530 నుండి 1565 నానోమీటర్ల మధ్యనున్న పరారుణ కాంతిని ఉపయోగిస్తాయి. దీనిని సి-బ్యాండ్ అంటారు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.694.1 సిఫార్సు 193.1 టెరాహెర్ట్జ్‌ను ఆధారంగా తీసుకొని ఛానెళ్ల స్థానాలను నిర్దేశించింది. 50 గిగాహెర్ట్జ్ ఎడంతో అమర్చితే ఈ బ్యాండ్‌లో 80కి పైగా ఛానెళ్లు ఇముడుతాయి. అప్పుడు పక్కపక్క ఛానెళ్ల మధ్య దూరం సుమారు 0.4 నానోమీటర్లు మాత్రమే.

ఈ ఛానెళ్లన్నీ దాదాపు సమానమైన శక్తితో సాగాలి. శక్తి తగ్గిన ఛానెల్ యాంప్లిఫయర్ల రొదలో మునిగిపోతుంది. శక్తి మితిమీరిన ఛానెల్ ఫైబర్‌లో అరేఖీయ ప్రభావాలను కలిగించి, తనతోపాటు పొరుగు ఛానెళ్లనూ చెడగొడుతుంది. అందువల్ల మార్గమధ్యంలో పలుచోట్ల శక్తిని కొలుస్తూ ఉండాలి.

2. పర్యవేక్షణ పరికర నిర్మాణం

పర్యవేక్షణ పరికరంలో ముఖ్యమైన భాగాలు రెండు. మొదటిది ట్యాప్. ఇది ప్రధాన మార్గంలోని కాంతి నుండి 1 నుండి 5 శాతం వరకు పక్కకు మళ్లిస్తుంది. రెండవది ఫోటోడయోడ్. ఇది ఆ కాంతిని విద్యుత్ ప్రవాహంగా మారుస్తుంది. ఆ ప్రవాహాన్ని బట్టి ప్రధాన మార్గంలోని శక్తిని లెక్కిస్తారు. ట్యాప్ నిష్పత్తి, ఫోటోడయోడ్ స్పందన అన్ని తరంగదైర్ఘ్యాలకూ ఒకటేనన్న భావన ఈ లెక్కకు ఆధారం. వాస్తవంలో ఆ భావన పూర్తిగా నిలవదు.

3. అసమానతకు కారణాలు

3.1 ట్యాప్: రెండు ఫైబర్లను వేడిచేసి, సాగదీసి, కలిపి చేసే ట్యాప్‌లో కాంతి ఒక ఫైబర్ నుండి మరొకదానికి మారే పరిమాణం తరంగదైర్ఘ్యంతోపాటు మారుతుంది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ కాంతిక్షేత్రం ఫైబర్ కోర్ దాటి వెలుపలికి మరింతగా విస్తరించడమే దీనికి కారణం.

3.2 ఫోటోడయోడ్: ఒక ఫోటాన్ గరిష్ఠంగా ఒక ఎలక్ట్రాన్‌నే ప్రవాహానికి అందిస్తుంది. తరంగదైర్ఘ్యం పెరిగితే ఫోటాన్ శక్తి తగ్గుతుంది కనుక, అదే వాట్ కాంతిలో ఫోటాన్ల సంఖ్య పెరుగుతుంది. ఆదర్శ ఫోటోడయోడ్ స్పందన 1530 నానోమీటర్ల వద్ద వాట్‌కు 1.23 ఆంపియర్లు, 1565 వద్ద 1.26 ఆంపియర్లు. ఈ తేడా సుమారు 0.1 డెసిబెల్. ఇది చిన్నది, ముందే తెలిసినది. అయితే ఎల్-బ్యాండ్ చివరనున్న 1625 నానోమీటర్ల వైపు వెళ్లేకొద్దీ ఇండియం గాలియం ఆర్సెనైడ్ అర్ధవాహకం తన శోషణ అంచుకు చేరువవుతుంది. ఆ అంచు ఉష్ణోగ్రతతో జరుగుతుంది కనుక స్పందన కూడా ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది.

3.3 వ్యతికరణం: సబ్బు బుడగపై రంగులు కనిపించడానికి కారణమైన దృగ్విషయమే ఇక్కడా ఎదురవుతుంది. ఫోటోడయోడ్‌కు ముందుండే గాజు పలక రెండు తలాలూ చెరో 4 శాతం కాంతిని పరావర్తనం చేస్తాయి. లోపల అటూఇటూ తిరిగిన కాంతి, నేరుగా వచ్చిన కాంతితో కలిసి కొన్ని తరంగదైర్ఘ్యాల వద్ద బలపడుతుంది, కొన్నింటి వద్ద బలహీనపడుతుంది. పలక తలాలు సమాంతరంగా ఉంటే శృంగానికీ ద్రోణికీ మధ్య తేడా సుమారు 0.7 డెసిబెల్ వరకు ఉంటుంది. పలక మందం 1 మిల్లీమీటరు, వక్రీభవన గుణకం 1.5 అయితే ఒక శృంగం నుండి మరో శృంగానికి దూరం సుమారు 0.8 నానోమీటర్లు. అంటే 50 గిగాహెర్ట్జ్ ఎడంలో ఒక ఛానెల్ శృంగం మీద పడితే దాని పొరుగు ఛానెల్ ద్రోణిలో పడవచ్చు. సమానశక్తి గల రెండు ఛానెళ్లు అసమానంగా నమోదవుతాయి.

4. పర్యవసానాలు

కొలత తప్పితే నష్టం కొలతతో ఆగదు. యంత్రాంగం ఆ కొలతకే విధేయంగా పనిచేస్తుంది. తక్కువగా నమోదైన ఛానెల్‌ను సమతుల్య పరికరం అనవసరంగా పెంచుతుంది. యాంప్లిఫయర్ తన ప్రవేశ, నిష్క్రమణ కొలతల నిష్పత్తిని స్థిరంగా ఉంచే పద్ధతిలో, ఆ రెండు కొలతల తరంగదైర్ఘ్య స్పందన వేరైతే వర్ధనం తప్పుతుంది. ఒక్కొక్క యాంప్లిఫయర్ వద్ద 0.2 డెసిబెల్ దోషం ఒకే దిశలో ఉంటే, 10 యాంప్లిఫయర్ల తరువాత అది 2 డెసిబెల్ అవుతుంది. అంటే శక్తి ఒకటిన్నర రెట్లకు పైగా మారుతుంది. కాపాడవలసిన పర్యవేక్షణే కంచె చేను మేసినట్లు సంకేతాన్ని చెడగొడుతుంది.

5. స్థిరీకరణ మార్గాలు

5.1 నిర్మాణపరమైనవి: కలిపి సాగదీసే ట్యాప్‌కు బదులుగా పలుచని పొరల పూత గల ఫిల్టర్‌ను ట్యాప్‌గా వాడితే విభజన నిష్పత్తి బ్యాండ్ అంతటా మరింత సమంగా ఉంటుంది. సాగదీసే పద్ధతిలోనైతే ఒక ఫైబర్‌ను ముందుగానే కొంత సన్నగా చేసి, తరంగదైర్ఘ్య ప్రభావాన్ని తగ్గించవచ్చు. గాజు పలకకు పరావర్తన నిరోధక పూత వేయడం, పలకను వాలుగా అమర్చడం, దాని తలాలను కొద్దిగా అసమాంతరంగా తీర్చడం వ్యతికరణాన్ని అణచివేస్తాయి. ఫైబర్ కొనను 8 డిగ్రీల వాలుగా తీర్చే కనెక్టర్లలోనూ పరావర్తిత కాంతిని మార్గం తప్పించడమే ఉద్దేశం.

5.2 క్రమాంకనం: తయారీ దశలో ఒక్కొక్క తరంగదైర్ఘ్యం వద్ద, వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద పరికరాన్ని పరీక్షించి, సవరణ విలువలను దాని స్మృతిలో భద్రపరుస్తారు. మృదువుగా, నెమ్మదిగా మారే దోషాలకు ఇది చక్కని పరిష్కారం.

6. క్రమాంకనం పరిమితులు

అన్నింటినీ పట్టికతో సరిదిద్దవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. దీనికి రెండు అడ్డంకులున్నాయి. మొదటిది, ఫోటోడయోడ్‌కు రంగుల వివేచన లేదు. పలు ఛానెళ్లు ఒకేసారి దానిపై పడితే అది మొత్తాన్ని మాత్రమే చెబుతుంది. ఏ ఛానెల్ వాటా ఎంతో తెలియనప్పుడు ఏ సవరణ వర్తిస్తుందో నిర్ణయించలేం. ఛానెళ్లను విడదీసి కొలిచే పరికరాలు ఉన్నప్పటికీ, వాటిని ప్రతిచోటా అమర్చడం ఖర్చుతో కూడిన పని. రెండవది, వ్యతికరణ శృంగాలు నిలకడగా ఉండవు. పైన చెప్పిన పలకలో సుమారు 30 నుండి 40 డిగ్రీల ఉష్ణోగ్రత మార్పుకే శృంగం ఉన్నచోటికి ద్రోణి చేరుతుంది. గది ఉష్ణోగ్రత వద్ద రాసుకున్న సవరణ, వేడెక్కిన పరికరంలో దోషాన్ని రెట్టింపు చేయవచ్చు.

పరికరాల ప్రమాణాలను చదివేటప్పుడూ ఈ విచక్షణ అవసరం. ప్లగబుల్ ట్రాన్స్‌సీవర్ల స్వీయ పర్యవేక్షణకు సంబంధించిన ఎస్‌ఎఫ్‌ఎఫ్-8472 ప్రమాణం ఆప్టికల్ శక్తి కొలతలో 3 డెసిబెల్ వరకు అటూఇటూ తేడాను అనుమతిస్తుంది. అంటే కొలత అసలు విలువకు రెట్టింపుగానో, సగంగానో ఉండవచ్చు. లింకు పనిచేస్తోందా లేదా అని తెలుసుకోవడానికి ఇది చాలు. ఛానెళ్లను సమం చేయడానికి చాలదు.

7. ముగింపు

తరంగదైర్ఘ్యాలన్నింటా స్థిరమైన పర్యవేక్షణ సాధించడంలో క్రమం ముఖ్యం. వేగంగా మారే, ఉష్ణోగ్రతతో జరిగే దోషాలను గాజు, పూత, వాలు స్థాయిలోనే తొలగించాలి. మిగిలిన మృదువైన తేడాను పట్టికకు వదలాలి. త్రాసు ముల్లు వంకరగా ఉంటే లెక్కల పుస్తకం ఎంత శ్రద్ధగా రాసినా తూకం సరికాదు. అలాగే పర్యవేక్షణ పరికరపు విశ్వసనీయత దాని సవరణ పట్టిక కంటే ముందు దాని భౌతిక నిర్మాణంపై ఆధారపడి ఉంటుంది.