ఎరువుకు అడ్డొచ్చిన ఉక్కు

ఇంజనీరింగ్ కాలేజీల్లో మెటలర్జీ వాళ్లది ఒక భవనం, కెమికల్ వాళ్లది ఇంకో భవనం. మొదటి చోట ఇనుము–కార్బన్ ఫేజ్ డయాగ్రమ్‌ను చూడకుండా గీయడం వచ్చేదాకా పిల్లల్ని వదలరు. రెండో చోట అమోనియా లెక్కలు నలుగుతుంటాయి. ఇంత వేడి, ఇంత ఒత్తిడి ఉంటే ఎంత అమోనియా తయారవుతుంది? ఆ బొమ్మకూ ఈ లెక్కకూ చుట్టరికం ఉందంటే రెండు భవనాల వాళ్లూ నమ్మరు. నూరేళ్ల కిందట జర్మనీలో అదే చుట్టరికం ఉక్కు గొట్టాల్ని పగలగొట్టింది. దాని సంగతి తేలేదాకా నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమోనియా చేసే పరిశ్రమ మొదలే కాలేదు.

రెండు శాఖల పాఠాలూ నిజానికి రెండే ప్రశ్నల చుట్టూ తిరుగుతాయి. ఒక మార్పు ఎటువైపు జరుగుతుంది? ఎంతసేపట్లో జరుగుతుంది? మొదటిది థర్మోడైనమిక్స్, రెండోది కైనెటిక్స్. వీటిని వేర్వేరు సెమిస్టర్లలో, వేర్వేరు మాస్టార్లు చెబుతారు. పరీక్ష రాసేవాడికి అది సుఖమే. ప్లాంటులో నిలబడ్డవాడికి మాత్రం రెండూ ఒక్కసారే ఎదురవుతాయి.

ముందు ఉక్కు సంగతి. మెటలర్జీ ల్యాబ్‌లో తొలి ప్రయోగాల్లో ఒకటి ఉక్కు ముక్కను సూక్ష్మదర్శినిలో చూడటం. చూడటం నిమిషం పని, దానికి సిద్ధం చేయడానికే పూటంతా పడుతుంది. ముక్కను గరుకు ఎమెరీ కాగితం మీద ఒకే దిశలో రుద్దాలి. తర్వాత దానికన్నా నున్నటి కాగితం తీసుకుని, ముక్కను అడ్డంగా తిప్పి, పాత గీతలు పోయేదాకా రుద్దాలి. అలా నాలుగైదు కాగితాలు మారాక, తిరిగే వెల్వెట్ గుడ్డ మీద అల్యూమినా పొడి కలిపిన నీళ్లు పోస్తూ మెరుగు పెట్టాలి. అద్దంలా మొహం కనిపిస్తుంది. ఆ అద్దాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే ఏమీ కనిపించదు, అంతా తెలుపే. అప్పుడు ఆల్కహాల్‌లో కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలిపిన నైటాల్‌లో కొన్ని సెకన్లు ముంచి తీయాలి. మెరుపు మసకబారుతుంది. ఇప్పుడు చూస్తే ఉక్కు తన లోపలి కట్టడమంతా బయటపెడుతుంది.

0.77 శాతం కార్బన్ ఉన్న ఉక్కును మెల్లగా చల్లార్చి ఉంటే, కనిపించేది మడత కాజాలా పొర మీద పొర. ఒక పొర దాదాపు కార్బన్ లేని మెత్తని ఇనుము, దాని పేరు ఫెర్రైట్. పక్క పొర సిమెంటైట్, అంటే మూడు ఇనుము పరమాణువులకు ఒక కార్బన్ చొప్పున కలిసిన గట్టి, పెళుసు పదార్థం. ఈ పొరల కట్టడం మొత్తానికి పెర్లైట్ అని పేరు. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకన్నా తక్కువ.

ఈ పొరలు ఎందుకు ఏర్పడతాయో ఫేజ్ డయాగ్రమ్ చెబుతుంది. 727 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఈ ఉక్కులో ఇనుము పరమాణువుల అమరిక వేరు. ఆస్టెనైట్ అనే ఆ అమరికలో కార్బన్‌కు చోటు బాగా దొరుకుతుంది. 727 దాటి కిందికి రాగానే అమరిక మారి ఫెర్రైట్ కావాలని చూస్తుంది, అందులో కార్బన్‌కు పట్టే చోటు 0.02 శాతమే. మిగతా కార్బన్ అంతా పక్కకు జరిగి సిమెంటైట్‌గా పోగుపడాలి. అలా జరగడానికి కార్బన్ పరమాణువులు ఘన ఇనుములో దారి చేసుకుంటూ నడవాలి. దానికి వ్యవధి కావాలి.

ఆ వ్యవధి ఇవ్వకపోతే? కొలిమిలో ఎర్రగా కాల్చిన కొడవలిని కమ్మరి నీళ్లలో ముంచినప్పుడు జరిగేది అదే. కార్బన్ జరగాల్సిన చోటికి జరిగేలోపే వేడి పోతుంది. ఉన్నచోటే ఇరుక్కుపోయిన కార్బన్ ఇనుము అమరికను సాగదీసి, మార్టెన్‌సైట్ అనే మహా గట్టి కట్టడాన్ని పుట్టిస్తుంది. డయాగ్రమ్ మొత్తం వెతికినా మార్టెన్‌సైట్ కనిపించదు. ఎందుకంటే అది సమతాస్థితి బొమ్మ, అందులో కాలానికి గీత లేదు. ఆమాటకొస్తే సిమెంటైట్ కూడా అక్కడ ఉండాల్సింది కాదు, అసలు స్థిరమైన రూపం గ్రాఫైట్. మామూలు ఉక్కులో గ్రాఫైట్ ఏర్పడటానికి పట్టే కాలం అంతులేనిది కాబట్టి, సిమెంటైట్‌నే స్థిరమని అనుకుని బొమ్మ గీసుకున్నారు. పరీక్షలో ఈ ముక్క రాసేవాళ్లు తక్కువ.

లేని కాలాన్ని బొమ్మలోకి తెచ్చింది 1930లో అమెరికాలో డేవెన్‌పోర్ట్, బెయిన్ అనే ఇద్దరు. పలచటి ఉక్కు ముక్కల్ని వేడిచేసి, కరిగించిన సీసం లాంటి తొట్టెలో ఒక నిర్ణీత వేడి దగ్గర ఇన్ని సెకన్లని ఉంచి, ఆపైన నీళ్లలో పడేసి, లోపల ఎంత మార్పు జరిగిందో సూక్ష్మదర్శినిలో చూసేవారు. వచ్చిన గీత ముక్కు ఆకారంలో ఉంది. 0.77 శాతం ఉక్కుకు 550 డిగ్రీల దగ్గర మార్పు సెకను లోపే మొదలవుతుంది. అంతకన్నా వేడిగా ఉన్నా, చల్లగా ఉన్నా ఆలస్యమే. వేడి ఎక్కువైతే మారాలన్న తొందర తక్కువ. వేడి తగ్గితే తొందర ఉంటుంది గానీ పరమాణువులు కదలలేవు. మార్టెన్‌సైట్ కావాలంటే ఆ ముక్కు తగలకుండా తప్పించుకుని చల్లారాలి. క్రోమియం, మాలిబ్డినం కలిపితే ముక్కు ఎక్కువ సెకన్ల వైపు జరుగుతుంది, అప్పుడు నీళ్లు అక్కర్లేదు, నూనె చాలు.

ఇప్పుడు రెండో భవనంలోకి పోదాం. ఒక పాలు నైట్రోజన్, మూడు పాళ్లు హైడ్రోజన్ కలిస్తే రెండు పాళ్లు అమోనియా. వేడి బయటికి వస్తుంది, నాలుగు పాళ్ల వాయువు రెండు పాళ్లవుతుంది. కాబట్టి చల్లగా ఉంచి, గట్టిగా ఒత్తితే అమోనియా ఎక్కువ రావాలి. థర్మోడైనమిక్స్ చెప్పేది అంతే. కానీ నైట్రోజన్ అణువులోని బంధం మామూలు మొండిది కాదు. మామూలు వేడిలో ఈ రెండు వాయువుల్నీ ఒకే సిలిండర్‌లో బిగించి మనవళ్ల కాలం దాకా ఉంచినా అమోనియా వాసన కూడా రాదు. వేడి పెంచితే వేగం పెరుగుతుంది, అమోనియా తగ్గిపోతుంది. 500 డిగ్రీల దగ్గర మామూలు వాతావరణ పీడనంలో సమతాస్థితి అమోనియా వెయ్యింట ఒక వంతు. అదే వేడిలో పీడనాన్ని 200 రెట్లు చేస్తే ఆరో వంతు దాకా వస్తుంది.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్ 1909 జులైలో కార్ల్స్‌రూహేలో, తన సహాయకుడు రాబర్ట్ లె రొసిన్యోల్ కట్టిన యంత్రంతో, బీఏఎస్ఎఫ్ అనే రసాయన కంపెనీ మనుషులకు చూపించింది ఈ రాజీనే. 200 వాతావరణాలకు దగ్గరి పీడనం, ఐదారు వందల డిగ్రీల వేడి, ఉత్ప్రేరకంగా ఆస్మియం. మారకుండా మిగిలిన వాయువును పారేయకుండా మళ్లీ లోపలికి పంపడం అసలైన తెలివి. ఒక్క విడతలో కొంతే మారినా, తిప్పి తిప్పి పంపితే చివరికి దాదాపు అంతా మారుతుంది. కెమికల్ ఇంజనీరింగ్ మొదటి పాఠాల్లో వచ్చే రీసైకిల్ లెక్కకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆస్మియం ప్రపంచమంతా గాలించినా చాలినంత దొరకదు. బీఏఎస్ఎఫ్‌లో ఆల్విన్ మిటాష్ బృందం వేల మిశ్రమాల్ని పరీక్షించి, చివరికి కొద్దిగా అల్యూమినా, పొటాష్ లాంటివి కలిసిన ఇనుము దగ్గర ఆగింది. ఇవాళ్టికీ చాలా ప్లాంట్లలో ఉత్ప్రేరకం ఆ కుటుంబానిదే. రామగుండం ఎరువుల కర్మాగారం ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా చేయగలిగినా, ఖరీఫ్‌లో రైతు క్యూలో నిలబడి 45 కిలోల బస్తా ఇంటికి తెచ్చుకున్నా, అందులోని నైట్రోజన్ ఇలాంటి ఇనుము మీదుగా వచ్చిందే.

బల్ల మీద పట్టే యంత్రాన్ని కర్మాగారం చేసే పని బీఏఎస్ఎఫ్‌లోనే ఉన్న కార్ల్ బాష్ మీద పడింది. కార్బన్ ఉక్కుతో మందపాటి గొట్టాలు చేయించి, లోపల ఉత్ప్రేరకం నింపి, బయట నుంచి వేడిచేశారు. సుమారు 80 గంటలు నడిచాక గొట్టాలు పగిలిపోయాయి. ముందుజాగ్రత్తగా వాటిని దూరంగా, కాంక్రీటు గోడల మధ్య పెట్టి ఉండటం మంచిదయింది. లెక్క ప్రకారం ఆ ఉక్కు అంత ఒత్తిడిని సునాయాసంగా మోయాలి. తుప్పు లేదు, గోడ పలచబడలేదు.

బాష్ రసాయన శాస్త్రంలోకి రాకముందు షార్లొటెన్‌బర్గ్‌లో మెటలర్జీ చదివినవాడు. పగిలిన గొట్టాన్ని అడ్డంగా కోయించి, మెరుగు పెట్టించి, ఆమ్లంతో తడిపించి సూక్ష్మదర్శిని కింద చూశారు. గోడ బయటి వైపు పెర్లైట్ మామూలుగానే ఉంది. లోపలి వైపు వచ్చేసరికి పెర్లైట్ లేదు, సందు సందునా పగుళ్లు. మెత్తబడిందా అంటే అదీ కాదు, పెళుసెక్కింది. మొదట హైడ్రోజన్ ఇనుముతో కలిసి ఏదో సమ్మేళనం చేసిందనుకున్నారు. రసాయన పరీక్షలో తేలిందేమంటే కార్బన్ పోయింది.

అది ఎలా పోయిందో ఇప్పుడు స్పష్టంగా తెలుసు. హైడ్రోజన్ అణువు ఇనుము ఉపరితలం మీద రెండు పరమాణువులుగా విడిపోతుంది. ఉత్ప్రేరకంగా ఇనుము చేసే పనిలో ఈ గుణం కూడా ఒక భాగం. అదే గుణం గొట్టం గోడకూ ఉంది. విడిపోయిన పరమాణువు అతి చిన్నది, ఇనుములోకి సులువుగా దూరిపోతుంది. లోపల దానికి సిమెంటైట్ పొర ఎదురైతే, అందులోని కార్బన్‌తో కలిసి మీథేన్ అవుతుంది. మీథేన్ అణువు పెద్దది, ఇనుములోంచి బయటికి రాలేదు. రేణువుల మధ్య సందుల్లో పేరుకుంటుంది. అక్కడ అది చేరగల ఒత్తిడి, స్థూలంగా, హైడ్రోజన్ ఒత్తిడి వర్గం లెక్కన పెరుగుతుంది. లోహం లోపలి నుంచే చీలుతుంది.

ఉక్కు అంత ఒత్తిడిలో హైడ్రోజన్ దగ్గర ఉండకూడదని థర్మోడైనమిక్స్ తీర్పు. ఆ తీర్పు మామూలు వేడిలోనూ ఉంది. కానీ హైడ్రోజన్ సిలిండర్లు ఏళ్ల తరబడి ఉక్కువే, ఈ రకంగా పగలడం లేదు. అంత చల్లగా ఉన్నప్పుడు మీథేన్ చర్య జరగడానికి పట్టే కాలం మన జీవితాలకు అందదు. 500 డిగ్రీల దగ్గర అదే పని 80 గంటలు. అమోనియా కోసం వేగాన్ని పెంచాలని వేడిచేశారు, ఆ వేడి అక్కర్లేని చర్యకు కూడా వేగం ఇచ్చింది.

బాష్ 1911లో కనిపెట్టిన ఉపాయం ఈ రెండు ప్రశ్నల్నీ పక్కదారిన దాటింది. హైడ్రోజన్‌ను ఆపడం కుదరదని ఒప్పుకుని, దానికి తినడానికి ఏమీ లేకుండా చేశాడు. లోపల కార్బన్ దాదాపు లేని మెత్తటి ఇనుము పొర. సిమెంటైట్ లేదు కాబట్టి మీథేన్ లేదు. దాని బయట బరువు మోయడానికి ఉక్కు గొట్టం. మెత్తటి పొరలోంచి కొద్దికొద్దిగా హైడ్రోజన్ అవతలికి వస్తూనే ఉంటుంది. అది ఉక్కు దగ్గర ఒత్తిడి పెంచకుండా, ఉక్కు గొట్టానికి చిన్న చిన్న రంధ్రాలు వేయించాడు. అధిక పీడన పాత్రకు కావాలని బెజ్జాలు పెట్టమని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. పోయే హైడ్రోజన్ చాలా స్వల్పం. 1913 సెప్టెంబరులో ఓపావ్‌లో కర్మాగారం నడిచింది. అధిక పీడన పద్ధతులకు 1931లో బాష్, ఫ్రీడ్రిక్ బెర్గియస్‌లకు నోబెల్ ఇచ్చారు.

తర్వాతి తరాలు మరో రెండు దారులు వెతికాయి. ఒకటి థర్మోడైనమిక్స్ దారి. క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కులో కార్బన్ వాటితో పెనవేసుకుంటుంది, హైడ్రోజన్‌కు లొంగదు. 2.25 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం ఉన్న ఉక్కు రిఫైనరీల్లో హైడ్రోజన్ రియాక్టర్లకు బాగా అలవాటైన సరుకు. రెండోది కైనెటిక్స్ దారి. అమోనియా కన్వర్టర్‌లో ఉత్ప్రేరకం లోపలి బుట్టలో ఉంటుంది. లోనికి వచ్చే చల్లటి వాయువును ముందుగా బుట్టకూ, బయటి మందపాటి గోడకూ మధ్య సందులో ప్రవహింపజేస్తారు. గోడ చల్లగా ఉంటుంది, వాయువు దారిలో వేడెక్కుతుంది.

ఏ ఉక్కును ఎంత వేడి దాకా, ఎంత హైడ్రోజన్ ఒత్తిడి దాకా వాడొచ్చో చెప్పే గీతల్ని 1949లో జార్జ్ నెల్సన్ ప్రచురించాడు. వాటిని సిద్ధాంతం నుంచి రాబట్టలేదు. ఏ ప్లాంటులో ఏ ఉక్కు నిలిచింది, ఏది పగిలింది అన్న అనుభవాల్ని చుక్కలుగా పెట్టి, వాటి మధ్య గీశారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణంగా అవి ప్రపంచమంతా వాడుకలో ఉన్నాయి. కార్బన్ ఉక్కు గీతకు కింద ఉంటే భయం లేదని డిజైన్ ఇంజనీర్లు నమ్మారు.

2010 ఏప్రిల్ 2న అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం అనకోర్టెస్‌లోని టెసోరో రిఫైనరీలో కార్బన్ ఉక్కుతో చేసిన హీట్ ఎక్స్‌ఛేంజర్ ఒకటి చీలిపోయి మంటలు లేచాయి, ఏడుగురు చనిపోయారు. అమెరికా రసాయన ప్రమాదాల దర్యాప్తు సంస్థ తేల్చినది, లోహాన్ని తొలిచింది హైడ్రోజనేనని, అదీ నెల్సన్ గీతకు కింద, సురక్షితమనుకున్న పరిస్థితుల్లోనేనని. చీలిక వెల్డింగు అతుకుల వెంట నడిచింది. వెల్డింగులో హఠాత్తుగా వేడెక్కి, హఠాత్తుగా చల్లారిన చోట ఉక్కులో గట్టి కట్టడమూ, బిగుసుకున్న ఒత్తిళ్లూ మిగిలిపోతాయి. తర్వాత మళ్లీ వేడిచేసి వాటిని సడలించకపోతే మీథేన్‌కు పని సులువవుతుంది. ఆ అతుకుల్ని అలా వేడిచేయలేదు. 2016లో ప్రమాణాన్ని సవరించినప్పుడు, అలా వేడిచేయని వెల్డింగు ఉన్న కార్బన్ ఉక్కుకు పాత గీతకన్నా కింద మరో గీత చేర్చారు.