దవడ ఎముకను కరిగించేదెవరు?

మా మడికొండలో ఒక విద్యార్థి తాతగారు కదులుతున్న పన్ను పీకించుకొన్నారు. నెల గడిచినా గాయం మానలేదు. కింది పెదవి మొద్దుబారింది. జర్దా దాచుకొనే చోట చిగుళ్లలో పుట్టిన కాన్సర్ దవడ ఎముకలోకి దిగిందని తర్వాత తేలింది.

మెత్తని చిగుళ్లలో పుట్టిన పుండు గట్టి ఎముకను ఎలా తొలిచింది? పిల్లలూ, ఎముక రాయి కాదు. అందులో కొత్త ఎముకను కట్టే కణాలతోపాటు పాతదాన్ని ఆమ్లంతో కరిగించే కణాలు కూడా ఉంటాయి. వీటిని ఆస్టియోక్లాస్టులంటారు. కాన్సర్ కణాలు రసాయన సంకేతాలు పంపి వీటిని రెచ్చగొడతాయి. ఇంటి పనివాళ్ల చేతనే ఇంటి గోడ కూలగొట్టించడమన్నమాట! చిగుళ్లు పలుచన కాబట్టి ఎముక అక్కడికి కొద్ది మిల్లీమీటర్ల దూరమే. అంగిలి పైనా ఎముకే. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకొని కాల్చే 'అడ్డపొగ'కూ అంగిలి కాన్సర్‌కూ గల సంబంధాన్ని విశాఖ వైద్యులు 1950లలోనే గుర్తించారు.

ఎముక పైపొర మాత్రమే దెబ్బతింటే అంచు చెక్కి తీస్తే సరిపోవచ్చు. మూలుగలోకి దిగితే నాలుగో దశగా లెక్క. నయమయ్యే అవకాశం తగ్గుతుంది, పూర్తిగా పోదు. కింది దవడ లోపలి గొట్టంలో పెదవికి వెళ్లే నరం ఉంటుంది. తాతగారి పెదవి మొద్దుబారింది అందుకే. అప్పుడు దవడ ముక్కనే కోసి, కాలిలోని సన్నని ఎముకను తెచ్చి అతుకుతారు. ఆయనకు చేసింది అదే. ఇప్పుడు మెత్తగా పిసికిన అన్నం తింటున్నారు.