టెస్ట్ కిట్‌లో సున్నా, రాళ్ళమీద పచ్చనాచు

ఒరే చిన్నా, నీ సముద్రపు తొట్టెలో రాళ్ళ నిండా వెంట్రుకల్లాంటి పచ్చనాచు పట్టిందనీ, కిట్‌తో పరీక్షిస్తే మాత్రం ఫాస్ఫేట్ సున్నా అని వస్తోందనీ రాశావు. తిండి లేకుండా నాచెలా పెరుగుతోంది తాతయ్యా అని అడిగావు. భలే ప్రశ్న వేశావు. భూసార పరీక్షా కేంద్రంలో ఏళ్ళతరబడి భాస్వరంతోనే కాపురం చేసినవాణ్ణి, నాకిష్టమైన సంగతి ఇది. తీరిగ్గా చెబుతాను.

నెలాఖరున పర్సు ఖాళీగా ఉందంటే జీతం రాలేదని కాదు కదా, వచ్చింది వచ్చినట్టే ఖర్చయిపోయిందని. ఆ కిట్ కొలిచేది ఆ క్షణాన నీళ్ళలో కరిగి మిగిలున్న ఫాస్ఫేట్‌ని మాత్రమే. నాచు ఒంట్లోకి ఎక్కినది దానికి దొరకదు. రాళ్ళ సందుల్లో కుళ్ళుతున్న మేతలో ఉన్నదీ దొరకదు. కాబట్టి రాళ్ళు పచ్చగా ఉన్నన్నాళ్ళూ ఆ సున్నాని నమ్మకు.

మరి వస్తున్నదెక్కణ్ణుంచి? ముప్పాతిక మువ్వీసం నువ్వు వేసే మేతలోంచే. కాగితం తీసుకుని లెక్క కట్టు. ఎండు మేతలో సుమారు 1 శాతం భాస్వరం ఉంటుంది, అంటే గ్రాముకి 10 మిల్లీగ్రాములు. అది ఫాస్ఫేట్‌గా మారేసరికి నాలుగు ఆక్సిజన్ పరమాణువుల బరువు కూడా కలిసి 30 మిల్లీగ్రాములవుతుంది. నీ తొట్టె 100 లీటర్లనుకుందాం. లీటరుకి 0.3 మిల్లీగ్రాములు. పగడపు దిబ్బల దగ్గర అసలు సముద్రంలో ఉండేది 0.01, 0.02 ప్రాంతంలోనే! అంతా నీళ్ళలోనే ఉండిపోదులే. కొంత చేపకి కండా ఎముకా అవుతుంది, కొంత స్కిమ్మర్ నురగలో బయటికి పోతుంది. అయినా ఒక్క గ్రాము మేతకి ఎంత బలముందో చూశావా? గడ్డకట్టిన రొయ్యల మేతని కడిగి వేస్తే చాలంటారు. కడిగితే పోయేది పైపైన కరిగున్న కాస్తే, అసలు సరుకు రొయ్య కండలోనే ఉంటుంది. చేపలు రెండు నిమిషాల్లో ఖాళీ చేసేటంతే వెయ్యి. ఇక కుళాయి నీళ్ళలోనూ ఫాస్ఫేట్ ఉండొచ్చు, అవి వద్దు. ఆర్ఓ ఫిల్టర్, ఆ తర్వాత డీఐ ఫిల్టర్ కూడా దాటిన నీళ్ళలోనే ఉప్పు కలుపు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను. మన ఎర్ర నేలల్లో రైతు డీఏపీ వేస్తే అందులోని భాస్వరంలో కొద్ది భాగమే ఆ పంటకి అందుతుంది. మట్టిలోని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగతాదాన్ని పట్టేసుకుంటాయి. సున్నం ఎక్కువున్న నేలల్లో కాల్షియం ఆ పని చేస్తుంది. మీ అక్వేరియం షాపులో జీఎఫ్ఓ పేరుతో అమ్మే ముదురు గోధుమరంగు రవ్వ ఉంది చూడు, అది ఈ ఇనుప ఆక్సైడే. రైతుని నష్టపెట్టే గుణమే నీకు మేలు చేస్తోంది. నీ తొట్టెలో రాళ్ళేమో కాల్షియం కార్బొనేట్. నీళ్ళలో ఫాస్ఫేట్ ఎక్కువైనప్పుడు పట్టి ఉంచుతాయి, తగ్గగానే మెల్లగా వదులుతాయి. అందుకే జీఎఫ్ఓ పెట్టాక తగ్గిన అంకె కొన్నాళ్ళకి మళ్ళీ లేస్తుంది. సరుకు పనిచెయ్యలేదని కంగారు పడకు, రాళ్ళలో నిల్వ ఉన్నది బయటికొస్తోందంతే.

అలాగని జీఎఫ్ఓని గుప్పెళ్ళకొద్దీ పోసెయ్యకు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పగడం ఒంట్లో జూజాంథెల్లా అనే సూక్ష్మమైన ఆల్గే ఉంటుంది. వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడాన్ని పోషించేది అదే. దానికీ భాస్వరం కావాలి. నైట్రేట్ ఎక్కువుండి ఫాస్ఫేట్ అడుగంటితే పగడాలు వేడినీ వెలుతురునీ తట్టుకోలేక తెల్లబడిపోతాయని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యోర్గ్ వీడెన్‌మన్ బృందం 2013లో చూపించింది. రెండూ అడుగంటిన తొట్టెల్లోనేమో డైనోఫ్లాజెల్లేట్లు విజృంభిస్తాయి. గోధుమరంగు జిగురు తీగలు తీగలుగా సాగుతుంది, వాటి కొసల్లో గాలిబుడగలు చిక్కుకుని ఉంటాయి, రాత్రికి పలచబడి లైటు వేశాక మళ్ళీ పరుచుకుంటుంది. కొన్ని రకాలు నత్తల్ని కూడా చంపుతాయి. పచ్చనాచే దానికంటే వెయ్యిరెట్లు నయం. ఫాస్ఫేట్ మరీ ఎక్కువైనా చిక్కే, పగడం అస్థిపంజరం కట్టుకోవడానికి అది అడ్డుపడుతుంది. నన్నడిగితే లీటరుకి 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్యలో ఉంచుకో.

(మాటలో మాట. ఇక్కడ మనదేశంలో గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, సముద్రంలోంచి తేవడం నేరం. నువ్వు ఫారంలో పెంచిన ముక్కలే కొన్నావని విని ఎంతో సంతోషించాను.)

ఫాస్ఫేట్ ఒక్కటే చూసుకుంటే సరిపోదని కరీబియన్ సముద్రం నేర్పింది. అక్కడ డయడెమా అనే సీ అర్చిన్ ఉంటుంది, ఒళ్ళంతా పొడవాటి నల్ల ముళ్ళు. రాత్రిళ్ళు తిరుగుతూ నాచు గీక్కుతినడమే దాని పని. 1983లో పనామా దగ్గర ఏదో తెగులు మొదలై, ఏడాది తిరిగేసరికి ఆ సముద్రమంతటా నూటికి తొంభైకి పైగా చచ్చిపోయాయి. జమైకాలో అప్పటికే నాచు తినే చేపల్ని జనం విపరీతంగా పట్టేశారు, 1980లో పెద్ద తుపాను కూడా వచ్చింది. ఇక అడ్డేముంది? 1977లో దిబ్బల మీద 52 శాతం ఉన్న పగడాలు 1993కల్లా 3 శాతానికి పడిపోయాయి, నాచు 4 నుంచి 92 శాతానికి ఎగబాకింది. అందుకే నీ తొట్టెలో మేసేవాళ్ళు కావాలంటాను. ట్రోకస్ నత్తలు మంచివి, వెల్లకిలా పడినా వాటంతటవే తిరగబడతాయి. పొడుగు నాచుని మాత్రం అవి ముట్టవు, ముందు నువ్వు పొట్టిగా చెయ్యాలి.

దానికో పద్ధతుంది. తొట్టెలో నీళ్ళు తోడుతున్నప్పుడు ఆ నీళ్ళే బకెట్లో పట్టి, ఊడొచ్చే రాయిని అందులో ముంచి టూత్‌బ్రష్‌తో తోము. నాచు మొదట్లోంచి కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. ఆ నీళ్ళు పారబొయ్యి. నాచుతోబాటు అది తిన్న ఫాస్ఫేట్ కూడా ఇల్లు దాటిపోతుంది. తొట్టెలోనే తోమి వదిలేస్తే కుళ్ళి మళ్ళీ నీళ్ళలో కలుస్తుంది. కింద సంప్‌లో చోటుంటే చిక్కుచిక్కుగా పెరిగే కీటోమార్ఫా నాచు వేసి, రాత్రిపూట దానిమీద లైటు పెట్టి, పెరిగినప్పుడల్లా సగం తీసి పారెయ్యి. రాళ్ళమీది నాచు తినాల్సింది అది తింటుంది.

ఇవన్నీ చేసినా నాచు వారంలో పోదు, రెండు మూడు నెలలు పట్టొచ్చు. ఈలోగా కొత్త చేపలు తేకు, సీసాల్లో అమ్మే నాచు మందుల జోలికి పోకు. వారానికోసారి అదే రోజున, అదే వేళకి పరీక్షించి, అంకెతోబాటు రాళ్ళమీద నాచు ఎంతుందో కూడా పుస్తకంలో రాసి నాకు పంపు.