చలికాలము – మన పిల్లల పూలకుండీలు

సంక్రాంతి సెలవులు ముగిసి పాఠశాల తెరచునప్పటికి పిల్లల తోటలో కొన్ని కుండీలు వట్టివై యుండుట ఏటేట చూచుచున్నాము. ఆడిమాసమున తాను నాటి, పేరు వ్రాసి పెట్టుకొన్న కలబందయో రణపాలయో కుళ్ళి ఒరిగియుండుట చూచి బిడ్డ చిన్నబోవును. “నేను సరిగా నీళ్ళు పోయలేదేమో” యని తన్ను తానే నిందించుకొనును. నిజమునకు ఆ బిడ్డ అడుగడుగునకు నీరు పోయుటయే, మనము పోయించుటయే ఆ మొక్కకు చేటు తెచ్చినది. ఈ సంగతిని తల్లిదండ్రులకు విశదపరచుటకే యీ వ్యాసము.

మేమును మొదట ఈ పొరపాటే చేసితిమి. చలికాలమున లేతమొక్కలను ఇంటిలోనికి చేర్చి కప్పవలెనని శీతలదేశముల తోటపని పుస్తకములలో నుండును. అది చదివి మేము కుండీలను మూసిన గదిలో నుంచి, గోనెపట్టాలు కప్పి, వాడిన వానికి మరికొంత నీరు పోసితిమి. నెల తిరుగక మునుపే సగము మొక్కలు మెత్తబడి పోయినవి. పుస్తకములో తప్పు లేదు. ఆ దేశపు చలికాలము వేరు, మన ఊరి చలికాలము వేరు.

ఆ దేశములలో ఉష్ణోగ్రత సున్నకు దిగును. మొక్క కణముల వెలుపలి నీరు గడ్డకట్టి లోపలి నీటిని లాగివేయును. కణపు పొరలు చెడును. దళసరి ఆకులలో నీరు నిలువచేసికొను మొక్కలకు ఈ అపాయ మెక్కువ. మన రాష్ట్రముననే ఉదకమండలమున డిసెంబరు, జనవరి రాత్రులలో మంచు గడ్డకట్టి లేతాకులను మాడ్చుట కలదు. కోవిల్పట్టి, విరుదునగరములలో ధనుర్మాసపు తెల్లవారుజామున సైతము ఉష్ణోగ్రత సాధారణముగా 20 డిగ్రీల దరిదాపులనే యుండును. ఈపాటి చలికి కలబంద చావదు.

ఇచ్చట ప్రాణాంతక మగునది నీరు. మన కరిసలు నేలకు ఏటి వర్షములో పెద్దపాలు అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనము వలననే లభించును. మన పెద్దలు రేగడి యని పిలుచు ఈ నల్లమన్ను ప్రత్తికి తల్లివంటిది. అందలి సన్నని బంకరేణువులు నీరు త్రాగి ఉబ్బి, మంటిలోని సందులను మూసివేయును. వాన వెలిసిన పిదప పైరును వారములకొలది నిలుపునది ఆ గుణమే. కుండీలోని కలబందను చంపునదియు ఆ గుణమే. వేళ్ళును ఊపిరి పీల్చును గదా! గాలి యందని వేళ్ళు నశించును. వానిపై పిథియము, ఫైటోఫ్తోరా వంటి సూక్ష్మజీవులు చేరి కుళ్ళు పుట్టించును. కుళ్ళిన వేరు నీటిని పీల్చలేదు గనుక మన్ను తడిగా నున్నను ఆకు వాడును. వాడిన ఆకును చూచి మనము మరల చెంబెత్తుదుము. ఇదియే మోసము.

2023 డిసెంబరు 17, 18 తేదీల వాన మన జిల్లాలవారు మరువరానిది. కాయల్పట్టినమున ఒక్క దినములోనే 95 సెంటీమీటర్లు కురిసినది. అట్టి వాన అరుదు. కాని ఒక కుండీని చంపుటకు వారము దినముల ముసురు చాలును.

ఈ మొక్కల స్వభావమును కొంత తెలిసికొనవలెను. రణపాల ఆకు ఉదయమున పుల్లగా నుండి, మధ్యాహ్నమునకు ఆ పులుపు పోవునని బెంజమిన్ హేన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వ్రాసెను. ఈయన తెలుగునాట సామర్లకోట తోటలో పనిచేసిన వాడు. ఆ లేఖ 1815లో లండను లిన్నేయన్ సంఘమువారి సంచికలో అచ్చుపడినది. కారణ మేమన, ఇట్టి మొక్కలు పగలు ఆకురంధ్రములను మూసికొని, రాత్రివేళ తెరచి, బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఆమ్లముగా దాచుకొనును. అందుచే అవి ఆవిరిగా విడుచు నీరు మిక్కిలి స్వల్పము. మబ్బు దినములలో మరింత స్వల్పము. బంతిమొక్క త్వరగా త్రాగివేయు నీరు కలబంద కుండీలో దినములతరబడి నిలిచిపోవును.

ఇక చేయవలసిన పనులు. పురట్టాసి మాసముననే కుండీలలోని రేగడిని తీసివేసి ఎఱ్ఱమన్ను, ముతక ఇసుక, ఇటుకముక్కలు కలిపి నింపవలెను. అడుగు రంధ్రముపై పెంకుముక్క నుంచవలెను. కుండీక్రింది పళ్ళెములను తీసి, రెండు ఇటుకలపై నిలుపవలెను. ఈశాన్యపు జల్లు తగులని దక్షిణపు వసారా మేలు. మార్గళిలో సూర్యుడు దక్షిణముగా నడచును గనుక అచ్చట ఎండయు తగులును. మూసిన గది పనికిరాదు. ఎరువు వేయరాదు. వ్రేలు రెండు కణుపులు మంటిలో దింపి చూచి, పొడిగా నున్నప్పుడే నీరు పోయవలెను. ప్రతి మొక్కనుండి ఒక కొమ్మనో పిలకనో ముందుగనే వేరొక కుండీలో నాటియుంచిన, ఒకటి పోయినను జాతి నిలుచును.

కుళ్ళు కనబడినచో వాడియైన కత్తితో గట్టి భాగము వరకు కోసి, బొగ్గుపొడి అద్ది, నీడలో వారము దినము లారనిచ్చి పొడి ఇసుకలో నాటవలెను. ఎడారి గులాబి ఈ కాలమున ఆకులు రాల్చిన చచ్చినదని పారవేయరాదు. కాండము నొక్కిచూచిన గట్టిగా నున్నచో ప్రాణమున్నట్లే. అయితే దాని పాలును, జెముడు పాలును విషము, కంటికి తగులనీయరాదు. కోయుపని పెద్దలే చేసి, చేతులు కడుగుకొనవలెను.

తల్లిదండ్రులకు మా విన్నప మొక్కటి. మొక్క చచ్చినప్పుడు బిడ్డను మందలింపకుడు. ఆ రాత్రికే క్రొత్త మొక్క తెచ్చిపెట్టకుడు. కుండీని బోర్లించి, కుళ్ళిన వేళ్ళను ఆ బిడ్డకే చూపించి, కారణమును మన యింటి మాటలలోనే చెప్పుడు. చెంబెత్తుటకు మునుపు మంటిలో వ్రేలుంచి చూచు అలవాటు ఒక్కటి నేర్పిన చాలును. వచ్చు సంక్రాంతికి ఏ బిడ్డ పేరుగల కుండీయు వట్టిది గాకుండుగాక!