పెద్దలొచ్చే అడవి

మెక్సికోలో నవంబరు 1, 2 తేదీలు చనిపోయినవాళ్లవి. ఇంట్లో బల్ల మీద పోయినవారి ఫొటోలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, వాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. దారి తప్పకుండా రావాలని గుమ్మం నుంచి బల్ల దాకా బంతిపూల రెక్కలు చల్లుతారు. దసరాకు, సంక్రాంతికి మనం గుమ్మాలకు కట్టే బంతి పుట్టిల్లు కూడా ఆ దేశమే.

మిచోకాన్ రాష్ట్రపు కొండల్లో ఆ వచ్చేవాళ్లు కళ్లకు కనిపిస్తారు. సుమారుగా ఆ రోజుల్లోనే ఉత్తరాది నుంచి నారింజ రంగు మోనార్క్ సీతాకోకచిలుకలు గుంపులుగా దిగుతాయి. అక్కడి పురేపెచా, మసావా ఆదివాసులు వాటిని తమ పెద్దల ఆత్మలని నమ్ముతారు. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే ఇళ్లలో పెరిగిన మనకు ఈ నమ్మకాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

దీని వేళ్లు చాలా లోతున ఉన్నాయి. యుద్ధంలో చనిపోయిన వీరులు నాలుగేళ్లు సూర్యుడి వెంట నడిచి, ఆ తర్వాత హమ్మింగ్‌బర్డ్‌లుగా, సీతాకోకచిలుకలుగా మారి పూలతేనె కోసం భూమికి దిగుతారని అజ్టెక్‌లు నమ్మేవారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ నుంచి వచ్చిన సహగున్ అనే మతగురువు ఈ సంగతి రాసిపెట్టాడు. గ్రీకు, రోమన్ కళాకారులు ఆత్మకు ప్రతిరూపమైన సైకీకి సీతాకోకచిలుక రెక్కలు తొడిగారు. చైనా జానపద కథలో లియాంగ్ షాన్‌బో, జూ యింగ్‌తాయ్ అనే ప్రేమికులు సమాధిలోంచి జంట సీతాకోకచిలుకలై ఎగిరిపోతారు. ఒకరితో ఒకరికి పరిచయమే లేని జాతులకు ఇదే ఊహ రావడంలో ఆశ్చర్యం లేదు. గూటిలో గొంగళిపురుగు ఒళ్లు చాలామటుకు కరిగిపోయి, అందులోంచి రెక్కలున్న వేరే ప్రాణి బయటికొస్తుంది. పోయి మళ్లీ రావడం ఎలా ఉంటుందో ఇంతకన్నా దగ్గరగా చూపించేది ఏముంది?

అయితే మిచోకాన్ ప్రజల నమ్మకం రూపం మారడం దగ్గర ఆగలేదు. వాళ్లకు వచ్చే వేళ ముఖ్యం, వచ్చే దారి ముఖ్యం. శాస్త్రం చెప్పేది వింటే వాళ్ల మాట బలం ఇంకా బాగా తెలుస్తుంది.

మోనార్క్ బరువు అర గ్రాము. కెనడా దక్షిణ ప్రాంతాల నుంచి, అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల నుంచి బయల్దేరి కొన్ని 4,000 కిలోమీటర్లకు పైగా ఎగిరొస్తాయి. సూర్యుణ్ని బట్టి దిక్కు పట్టుకుంటాయి. పొద్దు జరిగేకొద్దీ ఆ లెక్కను సరిచేసే గడియారం వాటి తలమీది మీసాల్లో ఉంది. మార్చిలో ఉత్తరానికి మళ్లినవి టెక్సస్ చుట్టుపక్కల గుడ్లు పెట్టి చనిపోతాయి. వాటి పిల్లలు ఇంకాస్త ముందుకు వెళ్తాయి, ఆ పిల్లల పిల్లలు మరికాస్త. వేసవి తరాల ఆయుష్షు రెండు నుంచి ఆరు వారాలే. వేసవి చివర పుట్టిన తరం మాత్రం జతకట్టడం వాయిదా వేసుకుని దక్షిణానికి తిరుగుతుంది, ఎనిమిది నెలల దాకా బతుకుతుంది. అది మెక్సికోను చూడలేదు. దాని తల్లీ చూడలేదు, అమ్మమ్మా చూడలేదు. అయినా పాతవాళ్లు వాలిన కొండకే వచ్చి వాలుతుంది.

ఊళ్లోవాళ్లు పెద్దలొచ్చారంటారు. శాస్త్రవేత్తలు మునిమనవలొచ్చాయంటారు. ఈ రెండు మాటల మధ్య దూరం నాకు పెద్దగా కనిపించదు.

ఈ సీతాకోకచిలుకలు చలికాలంలో ఎక్కడికి పోతాయో కెనడా జంతుశాస్త్రవేత్త ఫ్రెడ్ అర్క్‌హార్ట్, ఆయన భార్య నోరా దశాబ్దాల పాటు వెతికారు. రెక్కలకు చిన్న చీటీలు అంటించి వదిలేవారు, వేలమంది వాలంటీర్లు సాయపడ్డారు. చివరికి 1975 జనవరిలో ఆ వాలంటీర్లలో ఒకరైన కెన్ బ్రగ్గర్, మెక్సికో యువతి కటలీనా అగ్వాడో సెర్రో పెలోన్ కొండ మీద కోట్లాది సీతాకోకచిలుకలను చూశారు. 1976 ఆగస్టు నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం మీద ఉన్నది ఆవిడే. గొప్ప అన్వేషణే, కాదనను. కానీ కొండ కింద ఊళ్లవాళ్లకు వాటి చిరునామా తాతల నాటి నుంచీ తెలుసు. తెలియనిదల్లా అవి ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదే.

అవి వాలేది ఓయమెల్ అనే ఫర్ చెట్ల మీద, సుమారు 3,000 మీటర్ల ఎత్తున. దట్టమైన కొమ్మలు రాత్రి మంచునూ వాననూ అడ్డుకుంటాయి. తడిసిన సీతాకోకచిలుక గడ్డకట్టి చస్తుంది. 2002 జనవరిలో వాన వెంటే కడుచలి రావడంతో రెండు పెద్ద గుంపుల్లో ముప్పాతిక వంతు నేలరాలాయి. చెట్టు నరికితే ఆ గొడుగుకు చిల్లు పడినట్టే. అందుకే 1986లో ప్రభుత్వం నరకడం నిషేధించింది, 2000లో రక్షిత ప్రాంతాన్ని 56,000 హెక్టార్లకు పెంచింది. ఆ కలప మీద బతికే కుటుంబాల పొయ్యి మీద దెబ్బ పడింది. నరకకుండా ఉన్నందుకు ఊళ్లకు డబ్బు చెల్లించే నిధి, పర్యాటకుల రాబడి ఆ తర్వాతే వచ్చాయి. ఎల్ రొసారియో అడవిని కాపాడిన హోమెరో గోమెజ్ చెట్లు కొట్టే కుటుంబం నుంచి వచ్చినవాడే. 2020 జనవరిలో ఆయన కనిపించకుండా పోయాడు. కొద్ది రోజులకు బావిలో శవం దొరికింది.

ఉత్తరాన ఇంకో దెబ్బ. మోనార్క్ గొంగళిపురుగు మిల్క్‌వీడ్ ఆకు తప్ప మరేదీ తినదు. అది మన జిల్లేడు కుటుంబపు మొక్క. ఆ పాలలోని విషాన్నే సీతాకోకచిలుక ఒంట్లో దాచుకుని పిట్టల నుంచి తనను కాపాడుకుంటుంది. మన చేలగట్ల మీద జిల్లేడాకు తిని పెరిగే ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక దానికి దగ్గరి చుట్టం, అదే డానస్ ప్రజాతి. కలుపు మందుకు తట్టుకునే మొక్కజొన్న, సోయా విత్తనాలు వచ్చాక అమెరికా పొలాల్లో మిల్క్‌వీడ్ చాలామటుకు తుడిచిపెట్టుకుపోయింది.

లెక్కపెట్టలేనంత ఒత్తుగా వాలతాయి కాబట్టి వీటిని విస్తీర్ణంలో కొలుస్తారు. 1996-97లో 18 హెక్టార్లు, 2013-14లో 0.67, 2023-24లో 0.9, మరుసటి ఏడు 1.79. రెట్టింపయిందన్న వార్త చదివి సంతోషించాను, మొదటి అంకె మళ్లీ చూశాక ఆ సంతోషం నిలవలేదు.

వాతావరణం వేడెక్కుతుంటే ఓయమెల్‌కు ఇప్పుడున్న ఎత్తు చాలదని మిచోకాన్ విశ్వవిద్యాలయపు అటవీ శాస్త్రవేత్త క్వావుతేమొక్ సాయెన్స్ రొమేరో అంచనా. ఆయన బృందం ఆదివాసులతో కలిసి పక్క రాష్ట్రంలోని నెవాడో దె తొలూకా అగ్నిపర్వతం వాలు మీద, ఇంకా ఎత్తున, ఓయమెల్ మొక్కలు నాటి చూసింది. 3,600 మీటర్ల దాకా నాటినవాటిలో ఎక్కువ భాగం బతికాయి. అవి సీతాకోకచిలుకలకు నీడనిచ్చే చెట్లు కావడానికి దశాబ్దాలు పడుతుంది.