విమానం తోకలో చిన్న ఇంజన్

శంషాబాద్‌లో దిగిన విమానం గేటు దగ్గర ఆగాక రెక్కల కింది ఇంజన్లు ఆపేస్తారు. అయినా తోక చివరి రంధ్రం లోంచి వేడిగాలి హోరుమంటూ వస్తూనే ఉంటుంది. అక్కడున్నది ఏపీయూ అనే చిన్న గ్యాస్ టర్బైన్. దీపాలకు కరెంటు, ఏసీకి గాలి, మళ్ళీ పెద్ద ఇంజన్లను తిప్పి లేపడానికి కావలసిన ఒత్తిడి, అన్నీ అదే ఇస్తుంది. ప్రయాణికుల జెట్ విమానాల్లో దీన్ని మొదట అమర్చుకున్నది 1963లో ఎగిరిన బోయింగ్ 727. కరెంటు బండ్లూ గాలి బండ్లూ లేని చిన్న ఊళ్ళలో కూడా దిగగలగాలని ఆ ఏర్పాటు. ఆ వసతులన్నీ కల్పించగల పెద్ద విమానాశ్రయంలో కూడా దాన్ని గంటల తరబడి ఎందుకు తిరగనివ్వాలన్నదే ప్రశ్న.

చట్టాలు దీన్ని సరిగ్గా పట్టించుకోలేదు. 1981లో మన వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది. అదే ఏడు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ విమాన ఇంజన్ల పొగకు ప్రమాణాలు పెట్టింది. వాటి ప్రకారం పెద్ద ఇంజన్‌ను దిగడం, ఎగరడం అనే చక్రంలో కొలుస్తారు: పూర్తి శక్తితో 0.7 నిమిషం, నేల మీద 7 శాతం శక్తితో 26 నిమిషాలు, ఇలా. ఏపీయూకు ఆ ధ్రువపత్రం అక్కర్లేదు. మన అపార్ట్‌మెంట్ జనరేటర్ పొగగొట్టం ఎంత ఎత్తుండాలో కూడా కాలుష్య నియంత్రణ బోర్డు లెక్క కట్టి చెబుతుంది. గంటకు దాదాపు వంద కిలోల ఇంధనం తాగే ఈ టర్బైన్‌కు మాత్రం గొట్టమంటూ లేదు, పొగంతా లోడర్లు తిరిగే చోటే దిగుతుంది.

యంత్రాన్ని పట్టుకోలేనప్పుడు స్థలాన్ని పట్టుకోవచ్చు. ఈ దారి ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1996 నాటి 111 జీవో హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ జలాశయాలకు పది కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు వద్దంది. ఆ పరిధిలోని పెద్దషాపూర్‌లో ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీ కేసులో, హాని లేదని రుజువు చేయాల్సింది ఫ్యాక్టరీయేనని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో ఆ ఆంక్షలను ఎత్తేస్తూ మరో జీవో ఇచ్చారు, అది వేరే గొడవ. అక్కడ కాపాడింది నీటిని. కానీ ఆ తర్కం గాలికీ పనికొస్తుంది: గేటు దగ్గర ఏపీయూకు నిమిషాల పరిమితి పెట్టి, అంతకు మించి ఎందుకు నడపాలో విమాన సంస్థనే చెప్పమనాలి. కోపెన్‌హాగన్‌లో ఇలాంటి పరిమితి ఉంది.

కాలుష్యంలో ఏపీయూ వాటా ఎంతని, రోడ్డు మీద లారీల పొగ చూడండి అంటారు. నిజమే, మొత్తంలో ఇది చిన్నదే. కానీ పీల్చేవాళ్ళు పక్కనే ఉన్నప్పుడు టన్నుల లెక్క ఒక్కటే సరిపోదు. ఏపీయూకు బదులు గేటు దగ్గర తీసుకునే కరెంటు కూడా బొగ్గుదేగా అన్న మాటకు, ఆ పొగ ముందు బూడిద పట్టే ఈఎస్‌పీలోంచి, తర్వాత ఎత్తైన చిమ్నీలోంచి పోతుందన్నది జవాబు. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం మే నెల ఎండ. ముందు చక్రం దగ్గర ఆరు పిన్నుల ప్లగ్ గుచ్చితే 115 వోల్టుల, 400 హెర్ట్జ్ కరెంటు వస్తుంది, కాక్‌పిట్‌లో 'అవైల్' అని ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. కానీ ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానాల్లో దాంతో క్యాబిన్ చల్లబడదు. ఏసీ నడవాలంటే ఒత్తిడి గాలి కావాలి. పసిపిల్లల్ని ఆ ఉడుకులో కూర్చోబెట్టి ఏపీయూ ఆపమనడం అన్యాయం. అందుకే ప్లగ్‌తో పాటు చల్లగాలి గొట్టం కూడా ఉన్న గేట్లకే పరిమితి వర్తించాలి. ఆ గొట్టం చెడిపోయిన రోజు ఏపీయూ నడపొచ్చు, ఎన్ని నిమిషాలో రిజిస్టర్‌లో రాయాలి.