వంటచెఱకు – చీల్చు సాధనము

నేడు పెక్కు గృహములలో గ్యాసుపొయ్యి వెలుగుచున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో మొదలైన దీపం పథకమును, దేశమంతట 2016లో మొదలైన ఉజ్జ్వల యోజనయు ఇందులకు తోడ్పడినవి. అయినను వంటచెఱకు మన యిండ్లను పూర్తిగా విడువలేదు. నీళ్లకాగు క్రిందను, పెండ్లివారి గాడిపొయ్యిలోను, సిలిండరు నిండుకొన్ననాడు వంటకును పల్లెలయందు కట్టెయే దిక్కు. కావున దానిని గూర్చి సోదరీమణులకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

కట్టెలు కొనునపుడు ధరను విచారింతుము గాని తడిని విచారింపము. అప్పుడే నఱికిన కట్టె బరువులో ఇంచుమించు సగము నీరే యుండును. లీటరు నీటిని మరుగుపట్టించుటకు కావలసిన వేడికంటె, ఆ నీటినంతయు ఆవిరిగా మార్చుటకు ఏడు రెట్లకు పైగా వేడి కావలెను. పచ్చికట్టె తన వేడిని తన తడి నార్చుకొనుటకే వ్యయపఱచి, మనకు పొగను మిగుల్చును. ఇండ్లలోని ఇట్టి పొగవలన 2020లో లోకమున సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. పొయ్యి చెంత నుండు స్త్రీలకును, వారి చంకలోని పసిబిడ్డలకును ఈ కీడు అధికము.

దుంగ దుంగగానే యున్న కట్టె త్వరగా ఎండదు. బెరడు లోని తడిని పోనీయదు. మణికట్టు లావున చీల్చినచో లోపలిభాగమునకు గాలి సోకి శీఘ్రముగా ఆరును.

కూలివానిచే చీల్పించినను సాధన మెట్టిదో ఇల్లా లెఱిగి యుండవలెను. అడ్డముగా నఱకు గొడ్డలికి పలుచని అంచుండును. నిలువున చీల్చబోయిన నది కట్టెలో దిగి చిక్కుకొనును. చీల్చుటకు అంచు వెనుక దళసరిగా నుబ్బిన బరువైన గొడ్డలి తగును. ముళ్లుగల తుమ్మ, చింత మొద్దులకు ఇనుపచీలయు సమ్మెటయు మేలు. నూనె ఒత్తిడితో చీల్చు యంత్రములును కలవు. అవి బండ్లకొలది కట్టెలు కాల్చు వంటశాలలకు గాని, కొద్దిపాటి వాడుక గల యింటికి అక్కఱలేదు. యంత్రము కొనువారు రెండు చేతులతో నొక్కిననే కదలు దానిని కొనవలెను. అట్టిదానిలో వ్రేళ్లు చిక్కుపడు భయము తక్కువ.

పని మొదలిడుటకు ముందు గొడ్డలి పిడి వదులుగా నున్నదేమో చూడవలెను. కట్టెను నేలపై గాక వెడల్పైన మొద్దుపై నిలిపి, కొనయందలి పగులు వెంట కొట్టవలెను. బిడ్డలను దూరముగా నుంచవలెను.

చీల్చిన కట్టెలను నేలకు తగులకుండ, నడుమ గాలి యాడునట్లు పేర్చి, పైన మాత్రము కప్పవలెను. గట్టికట్టె ఆరుటకు ఆఱుమాసములైనను పట్టును. ఎండిన కట్టె కొనలు పగులును. రెండింటిని తట్టిన ఖంగుమనును. గన్నేరు, జెముడు, రంగు పూసిన చెక్కలు పొయ్యిలో పెట్టరాదు. వాని పొగ హానికరము.

ఎండుకట్టెకును కొంత పొగ తప్పదు గనుక పొయ్యిపై పొగగూడు, చెంత కిటికీ ఉండవలెను. వానకాలమునకు కావలసిన కట్టెలను వేసవికి ముందే చీల్పించి పేర్చుడు. పొయ్యిముందు కన్నీరు కార్చుట ఇల్లాలి నుదుటివ్రాత కాదు.